ఊపిరి వినపడకూడదన్నారు

నా మొహం మీకు తెలియదు. గొంతు మాత్రం ఎక్కడో విని ఉంటారు. తెర మీద హీరో తల్లి కొడుకు శవం మీద పడి ఏడుస్తుంటే మీరూ కళ్ళు తుడుచుకున్నారా? ఆ ఏడుపు నాదే కావచ్చు. ఆవిడ పెదవులు కదుపుతుంది, ఫిలింనగర్‌లో ఒక చీకటి గదిలో మైకు ముందు నిలబడి నేను ఏడుస్తాను. డబ్బింగ్ నా వృత్తి.

ఇప్పుడు కాస్త తెరిపిన పడ్డాను కాబట్టి ఇది రాస్తున్నాను. రాస్తే లోపలి వణుకు తగ్గుతుందేమోనని ఒక ఆశ. నాలాగే కళ్ళు తిరిగి పడిపోతూ, "అన్నీ నార్మల్" అన్న రిపోర్టులు పట్టుకుని తిరిగేవాళ్ళకి పనికొస్తుందేమోనని ఇంకో ఆశ. డాక్టర్లు చెప్పాల్సినవి నేను చెప్పను, నాకు రావు కూడా. నాకేం జరిగిందో అంతే చెబుతాను.

శివరాత్రి వెళ్ళిన వారం

ఆ రోజు కూడా అలాంటి సీనే. కొడుకు పోయాడు, తల్లి పరుగెత్తుకొచ్చి "నాన్నా" అని కేక పెడుతుంది. ఆ కేక ఎంతకీ అయిపోదు. కెమెరా ఆవిడ వెనక నుంచి చుట్టూ తిరిగింది, షూటింగ్‌లో ఆవిడ మధ్యలో ఎన్నిసార్లు ఊపిరి తీసుకుందో ఎవరికీ కనపడదు. డైరెక్టరు గారి అసిస్టెంటు అద్దం అవతలి గదిలోంచి, "అమ్మా, ఒకే ఊపిరిలో కావాలి. మధ్యలో ఊపిరి వినపడకూడదు" అన్నాడు.

నాకు ఇవి ఒకరు చెప్పాలా? మా పనిలో మొట్టమొదట నేర్పేదే అది. ఊపిరి పడితే ఇంజినీరు దాన్ని కోయాలి, కోస్తే అతుకు తెలుస్తుంది. అందుకని పొట్ట నిండా పట్టుకుని, బిగబట్టి, పిసినారి పైసలు తీసినట్టు కొంచెం కొంచెంగా వదలాలి. ఇంకా చాలా ఉన్నాయి. గాజులు తీసేయాలి. గరగరలాడే చీర కట్టకూడదు. కడుపులో చప్పుడు రాకుండా ఏదో ఒకటి తిని రావాలి. ఫ్యాన్ ఉండదు. నిలబడిన చోట నుంచి కాలు కదపకూడదు. ఇన్నేళ్ళలో ఇవి నాకు అలవాటు దాటి ఒంట్లో భాగమైపోయాయి.

మూడో టేకులో కేక చివరికొచ్చేసరికి చెవుల్లో దూది కుక్కినట్టయింది. నా గొంతు నాకే ఎక్కడో పక్కవీధిలో వినిపించింది. తెర అంచుల్లోంచి నలుపు లోపలికి వచ్చింది. తర్వాత నేను నేల మీద ఉన్నాను. గడ్డం చీరుకుని రక్తం కారుతోంది.

మా సౌండ్ ఇంజినీరు సత్యం గారు ఏళ్ళుగా నా గొంతు రికార్డు చేస్తున్న మనిషి. నేను పడిపోగానే, "అద్భుతం ఉమ గారూ, ఆ పడటం కూడా భలే చేశారు" అన్నారట. మైకు స్టాండు దొర్లి వెళ్ళి గోడకి తగిలాక గానీ విషయం అర్థం కాలేదు. పాపం, ఆ మాట అన్నందుకు ఆయన ఇప్పటికీ చెంపలేసుకుంటారు.

బంజారాహిల్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గడ్డానికి కుట్లు, ఛాతీకి వైర్లు, గుండెకి స్కాను. మా ఆయన వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఆయన ఇంటర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. సిద్దిపేట వైపు మనిషి. నాది తెనాలి. ఆయన అడిగితే గానీ మాట్లాడరు, నేను ఆపితే గానీ ఆగను, అలా సరిపోయింది. ఆ రోజు మంచం పక్కన నిలబడి కాగితాలన్నీ తిరగేసి, "గుండె మంచిగనే ఉన్నదంట" అన్నారు.

"బాగుంటే ఎందుకు పడ్డాను?"

"తినకుండ పోయినవేమో."

"రెండిడ్లీలు తిన్నాను."

"రెండిడ్లీలు ఒక తిండా?"

ఆ ఇడ్లీల మీద మేమిద్దరం ఆసుపత్రిలోనే పోట్లాడుకున్నాం. నర్సమ్మ వచ్చి ఆయన్ని బయట కూర్చోమంది. ఆయన కంగారు పడుతున్నారని నాకు తెలుసు, తెలిసి కూడా ఊరుకోలేదు. భయం వేస్తే నాకు నోరు ఇంకా లేస్తుంది.

కుట్లు విప్పిన వారానికే మళ్ళీ మైకు ముందుకు వెళ్ళాను. ఈసారి పురిటి సీను. ఈ గొంతు మీదుగా ఎంతమంది పిల్లలు పుట్టారో లెక్కలేదు, అదొక పెద్ద పనా అనుకున్నాను. మళ్ళీ దూది, మళ్ళీ నలుపు. ఈసారి నేల మీద నా చేతులు కొట్టుకున్నాయట. అది చూసిన వాళ్ళు ఊరుకుంటారా? సినిమావాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా "ఉమ గారికి ఫిట్స్ అట" అన్న మాట కృష్ణానగర్ టీ బండి దాకా వెళ్ళింది.

ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. వచ్చినవి కూడా "ముందు ఆరోగ్యం చూసుకోండమ్మా" అనేవే. మా భాషలో దానికి అర్థం, ఆ పాత్రకి వేరే ఆవిడని పిలిచేశామని. చచ్చిపోతానేమోనన్న భయం ఒకటి ఉండేది. చావకుండా, గొంతు మూసుకుని బతకాలేమోనన్న భయం ఇంకొకటి. నిజం చెబుతున్నాను, రెండోదే పెద్దది. కృష్ణానగర్‌లో ముగ్గురమ్మాయిలం ఒక్క గదిలో ఉంటూ డబ్బింగ్ థియేటర్ల చుట్టూ తిరిగిన రోజుల నుంచీ నాకు చేతనైంది అదొక్కటే. ఈ సంగతి మా ఆయనతో అనలేదు. అంటే బాధపడతారు.

ఉగాది ముందు

రెండోసారి పడ్డాక చూపించుకున్న మొదటి గుండె డాక్టరు చిన్నవాడే, నెమ్మదస్తుడు. అరచేతిలో పట్టే యంత్రం ఒకటి ఛాతీకి అంటించి, "ఒక రోజంతా మీ గుండెని రికార్డు చేస్తుంది. మీ పనులు మామూలుగా చేసుకోండి" అన్నాడు. 'రికార్డు' అన్న మాట నా చెవిన పడింది. 'మామూలుగా' అన్నది పడలేదు.

రికార్డింగ్ అంటే ఎలా ఉండాలో నాకు తెలుసు కదా. వెంగళరావు నగర్‌లో మా ఇంటికి రాగానే గాజులు తీసి బల్ల మీద పెట్టాను. మెత్తటి నూలుచీర కట్టుకున్నాను. కొంచెం పెరుగన్నం తిన్నాను. పడకగది తలుపేసి, ఫ్యాన్ ఆపి, మంచం మీద వెల్లకిలా పడుకుని లెక్కపెట్టి ఊపిరి తీయడం మొదలుపెట్టాను. హాల్లో అత్తమ్మ టీవీ పెట్టుకుంది. ఆపమన్నాను.

"గుండె రికార్డుకు నా సీరియల్ ఏం అడ్డమొచ్చిందే?" అంది అత్తమ్మ.

"చప్పుడు పడుతుంది అత్తమ్మా."

"గిదేం మిషినో ఏమో." గొణుక్కుంటూనే ఆపేసింది. సాయంత్రం మా ఆయన వచ్చి, ఫిజిక్సు చదువుకున్న మనిషి, ఆయన కూడా మునివేళ్ళ మీద నడిచారు. రాత్రి ఆ ఉక్కలో ఫ్యాన్ లేకుండానే పడుకున్నాం. అందరం కలిసి చేసిన పని అది.

రిపోర్టు ఎలా వస్తుంది మరి? కడిగిన ముత్యంలా వచ్చింది. "చాలా బాగుంది మేడమ్. ఇంట్లో ఏమైనా టెన్షన్లు ఉన్నాయా?" అని అడిగాడు డాక్టరు. మా ఆయన మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. నటించడం నా వృత్తే, గడ్డం చీల్చుకుని నటించేంత పిచ్చి మాత్రం లేదు. దారిలో ఆయన పండగకని మోండా మార్కెట్‌కి పోయి మామిడాకులు తెస్తానన్నారు, తెచ్చుకోండన్నాను.

పండగ పొద్దున వంటింట్లో బూరెలు వేస్తున్నాను. ఆయన స్నానానికి వెళ్ళారు, అత్తమ్మ దేవుడి గదిలో ఉంది. రిపోర్టు బాగుంది కదా, గొంతు ఒకసారి చూసుకుందాం అనిపించింది. పైకి కేక పెడితే అందరూ పరుగెత్తుకొస్తారు. అందుకని నోరు మూసుకుని, ఆ కేకని గొంతులోనే నొక్కిపెట్టి, పొట్ట బిగించి పూర్తిగా పట్టాను. చెవుల్లో దూది పడింది. పొయ్యి ఆపాలనుకోవడం గుర్తుంది. ఆపడం గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి తల అత్తమ్మ ఒళ్ళో ఉంది. చేతిలో చిల్లుల గరిటె ఎగిరి నూనె నా ముంజేతి మీద పడింది. మూకుడు పొయ్యి మీదే ఉండిపోబట్టి సరిపోయింది, లేకపోతే ఇది రాసేదాన్ని కాదు. "ఏందే బిడ్డా, గిట్ల పడ్డవ్" అంటూ అత్తమ్మ నా చేతి మీద చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆమె కన్నీళ్ళు నా నుదుటి మీద పడుతున్నాయి.

మా ఆయన తడితలతో వచ్చి నిలబడ్డారు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన గొంతు పెంచడం నేను వినలేదు, ఆ రోజు విన్నాను.

"ఇగ బంద్. మైకు వద్దు, సినిమా వద్దు. నువ్వు బతికుంటే చాలు నాకు."

"నోరు మూసుకుని బతకమంటారా?"

"బతుకుమంటున్న."

ఆ ఏడు ఉగాది పచ్చడి ఎవరమూ నోట్లో పెట్టుకోలేదు. తర్వాత చాలా రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటల చప్పుడు లేదు. నేను ఏ గదిలోకి వెళ్ళినా అత్తమ్మ ఏదో పని ఉన్నట్టు వెనకే వచ్చేది. స్నానానికి వెళ్తే గడియ పెట్టుకోనిచ్చేది కాదు.

ఎండలు ముదిరాక

నాతో మాట్లాడకుండానే మా ఆయన వేరే డాక్టరు కోసం వెతుకుతున్నారని నాకు తెలియదు. ఒక రోజు, "రేపు పొద్దున తయారుండు" అన్నారు. కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళనే చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి. గుండె కొట్టుకునే తీరు, రక్తపోటు క్షణక్షణానికీ ఎలా మారుతున్నాయో చూస్తారట.

అక్కడి వరండాలో నా పక్కన యాదమ్మ అని ఒకావిడ కూర్చుంది. జూనియర్ ఆర్టిస్టు, కృష్ణానగర్‌లోనే ఉంటుందట. కాళ్ళు వాచి ఉన్నాయి. నా ముంజేతి కట్టు చూసి, గొంతు విని, కళ్ళు చిన్నవి చేసి, "నువ్వు ఏడ్చే అమ్మవు గదా" అంది. నవ్వొచ్చింది నాకు, పండగ తర్వాత మొదటిసారి.

"నేను శవం ఏషాలు మస్తు ఏసిన. నా మీద పడి నీ గొంతు ఎన్నిసార్లు ఏడ్చిందో" అంది. తర్వాత కొంగు ముడి విప్పి ఒక పల్లీ పట్టీ తీసి సగం నాకు పెట్టింది. "జర ధైర్యంగుండు బిడ్డా. శవం ఏసేటప్పుడు నాకు గీ ఊపిరి బిగబట్టుడే కష్టమనిపిస్తది. కట్ అనంగనే వదిలేస్త. నువ్వు గూడ వదుల్తవ్ గదా?"

నేను తల ఊపాను. అప్పటికి ఆ ప్రశ్న నాకు తగల్లేదు. లోపలికి పిలిచారు, వెళ్ళిపోయాను.

డాక్టరమ్మ పాత రిపోర్టులన్నీ చూసి, "ఈ యంత్రం పెట్టుకున్న రోజు ఏం చేశారు?" అని అడిగింది. ఎంత జాగ్రత్తగా ఉన్నానో చెప్పుకొచ్చాను, కొంచెం గొప్పగానే చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

"ఫ్యాన్ కూడా ఆపారా?"

"ఆపాం."

మా ఆయన పైకప్పు వంక చూస్తున్నారు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కష్టపడింది. "ఆ యంత్రానికి చప్పుళ్ళు వినపడవు ఉమ గారూ. మీరు తిరుగుతుంటే, పని చేస్తుంటే గుండె ఏం చేస్తుందో అదే మాకు కావాలి. మేం వెతికేదాన్ని మీరు తీసేసి ఇచ్చారు" అంది. నాకు సిగ్గేసింది. దానితో పాటు భయం కూడా మొదలైంది. ఇన్నాళ్ళూ బాగుంది అన్న కాగితం ఒకటుండేది చేతిలో, ఇప్పుడు అదీ లేదు.

మర్నాడు పొద్దున పరీక్ష. ఒక బల్ల మీద పడుకోబెట్టి, నడుముకీ మోకాళ్ళకీ పట్టీలు కట్టి, బల్లని మెల్లగా నిలబెట్టారు. వేలికి ఒక తొడుగు, ఛాతీకి వైర్లు. ఏమీ చేయకుండా అలా నిలబడి ఉండాలి. పడిపోవడం కోసం ఎదురుచూస్తూ నిలబడటం ఎలా ఉంటుందో చెప్పలేను. మా ఆయన్ని ఒక మూల కుర్చీలో కూర్చోనిచ్చారు.

కాసేపటికి డాక్టరమ్మ, "ఊపిరి లెక్కపెడుతున్నారా?" అంది.

"లేదండీ."

"పెడుతున్నారు. ఇక్కడ కనిపిస్తోంది. మామూలుగా తీసుకోండి."

మామూలుగా ఎలా తీసుకోవాలో గుర్తు రాలేదు. మీరు నమ్మరు, నాకు అక్కడ ఏడుపొచ్చింది. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "సరే. మీరు ఎక్కడ పడుతున్నారో అక్కడికే వెళ్దాం. ఆ కేక ఇక్కడ పెట్టండి. పట్టీలున్నాయి, నేనున్నాను" అంది.

ఆసుపత్రిలో, పచ్చటి గుడ్డ కప్పుకుని, బల్లకి కట్టేసి ఉండగా, లేని కొడుకు కోసం కేక పెట్టాను. ఒకే ఊపిరిలో. దూది వచ్చింది. చివరగా చూసింది మా ఆయన కుర్చీలోంచి లేవడం.

మెలకువ వచ్చాక బల్ల పడుకుని ఉంది, నా కాళ్ళు ఎత్తులో ఉన్నాయి. మా ఆయన మొహం పాలిపోయింది. నేను పడిపోవడం ఆయన కళ్ళారా చూడటం అదే మొదలు.

మధ్యాహ్నం డాక్టరమ్మ కంప్యూటర్ మా వైపు తిప్పింది. తెర నిండా రంగులు. "అడ్డంగా సమయం. నిలువుగా, గుండె వేగం ఎంత తొందరగా హెచ్చుతగ్గులవుతోందో అది. రంగు ముదిరిందంటే ఆ ఊపు బలంగా ఉందని" అంది.

"పౌనఃపున్యం" అన్నారు మా ఆయన మెల్లగా. ఏళ్ళుగా బోర్డు మీద గీస్తున్న అలలు పెళ్ళాం ఛాతీలో కనపడేసరికి పాపం ఆయనకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

పైన ఉన్న పట్టీ ఊపిరిదట. లోపలికి తీస్తే గుండె కాస్త తొందరపడుతుంది, వదిలితే నిదానిస్తుంది. అందరికీ అది కొంచెం చెదిరి ఉంటుందట, నాది మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది. కింద నెమ్మదిగా సాగే ఇంకో పట్టీ, రక్తపోటు తనని తాను సర్దుకునే అల. కేక మొదలైన చోట పైపట్టీ మాయమైంది. కింది పట్టీ ఎర్రగా ఉబ్బింది. తర్వాత అదీ చల్లారిపోయింది. ఆ వెంటనే రక్తపోటు కూలింది, గుండె నెమ్మదించింది, నేను స్పృహ తప్పాను. "పరీక్ష మొత్తానికి సగటు తీస్తే ఇదేమీ కనపడదు. ఎప్పుడు ఏది మారిందో వరసగా చూస్తేనే తెలుస్తుంది" అంది డాక్టరమ్మ. ఫిట్స్ కాదని, గుండె కండరానికి ఏ జబ్బూ లేదని కూడా చెప్పింది.

నేను ఆ బొమ్మనే చూస్తున్నాను. అలాంటిది నాకు కొత్త కాదు. సత్యం గారి కంప్యూటర్‌లో నా గొంతు ఇలాగే రంగుల్లో ఉంటుంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పడిన చోట చిన్న మరక కనిపిస్తుంది, ఆయన దాన్ని ఎంచి తీసేస్తారు. తీసేశాక మేమిద్దరం తృప్తిగా చూసుకునేవాళ్ళం, ఎంత శుభ్రంగా ఉందో అని.

"మళ్ళీ మైకు ముందుకు వెళ్ళొచ్చా?" అని అడిగాను. మా ఆయన నా వైపు చూడలేదు.

"దూది పెట్టినట్టు అవుతుందన్నారు కదా. అది మీ ఒళ్ళు చెప్పే మాట. అది రాగానే ఆపగలరా?"

"టేకు మధ్యలోనా?"

"మధ్యలోనే. ఆపగలిగితే వెళ్ళండి. ఆపలేకపోతే వద్దు."

డబ్బింగ్ కూర్చుని చెప్పాలి, నీళ్ళు బాగా తాగాలి, ఒళ్ళు తేలిపోతుంటే కాళ్ళు పెనవేసి గట్టిగా బిగించాలి, ఇంకా కొన్ని చెప్పింది. అవన్నీ చేయగలను. టేకు మధ్యలో ఆపడమే నా పుట్టుకలో లేదు. కట్ చెప్పేది డైరెక్టరు, మేం కాదు.

బోనాల రోజుల్లో

ఇంట్లో సాధన చేశాను. కుర్చీలో నేను, ఎదురుగా అత్తమ్మ. "ఇగ ఆపు" అని ఆమె ఎప్పుడంటే అప్పుడు, మాట మధ్యలోనైనా ఆపేయాలి. ఆమెకి ఈ ఆట తెగ నచ్చింది. అన్నం తినేటప్పుడు కూడా ఆపేది. అయితే అత్తమ్మ చెబితే ఆపడం వేరు, నాకు నేను ఆపుకోవడం వేరని నాకు తెలుసు.

సత్యం గారే ఫోన్ చేశారు. "తల్లి పాత్ర. ఒక్క సీను. కుర్చీ వేయిస్తాను, మీరు రావాలి" అన్నారు. మా ఆయన సెలవు పెట్టి నాతో వచ్చారు. ఇన్నేళ్ళలో ఆయన డబ్బింగ్ థియేటర్‌లో అడుగుపెట్టడం అదే మొదలు. వద్దని అనలేదు, సరే అని కూడా అనలేదు. అద్దం అవతల సత్యం గారి వెనక నిలబడ్డారు. బోనాల డప్పులు ఎక్కడో మోగుతున్నాయి, తలుపు వేయగానే లోపలికి ఏమీ వినపడలేదు.

మళ్ళీ ఏడుపే. గాజులు తీసి, మళ్ళీ వేసుకోబోయి, ఆలోచించి తీసే ఉంచాను. ఆ చప్పుడు నిజంగానే పడుతుంది. తెర వెలిగింది. మొదలుపెట్టాను. బాగా వస్తోంది, ఎంత బాగా వస్తోందో నాకు తెలుస్తోంది. ఇంకాస్త లాగితే అయిపోతుంది. అప్పుడు ఎడమ చెవిలో దూది.

ఇంకొక్క మాట మిగిలింది. అరక్షణం. ఒళ్ళంతా ముందుకే పోతానంటోంది. వంటింట్లో మూకుడు కనిపించింది, అత్తమ్మ చేతిలో చెంబు కనిపించింది.

"ఆపండి" అన్నాను.

నా గొంతు కాదేమో అనుకున్నాను. తెర ఆగింది. కాళ్ళు పెనవేసి బిగించాను, పిడికిళ్ళు బిగించాను, నోరు తెరిచి పెద్దగా ఊపిరి పీల్చాను.  నలుపు తెర అంచుదాకా వచ్చి, అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి పోయింది. ఒక గ్లాసు నీళ్ళు తాగాను.

రెండో టేకులో ఎక్కడ ఊపిరి కావాలనిపిస్తే అక్కడ తీసుకున్నాను. అయిపోయింది. కుర్చీలోనే ఉన్నాను.

"మేడమ్, మధ్యలో ఊపిరి పడింది" అన్నాడు అసిస్టెంటు.

"కోసేయనా ఉమ గారూ?" అన్నారు సత్యం గారు.

"ఉంచండి. కొడుకు పోయిన తల్లి ఊపిరి తీసుకోదా?"

వాళ్ళు మళ్ళీ వేసుకుని విన్నారు. సత్యం గారు తల ఊపడం కనిపించింది. ఆయన వెనక మా ఆయన, పిడికిళ్ళు బిగించి, మెడ నరాలు తేలి, నేను మొదలుపెట్టినప్పుడు ఎలా నిలబడ్డారో అలాగే ఉన్నారు.

"ఏవండీ" అన్నాను మైకులో. "అయిపోయింది. మీరు కూడా వదలండి."

ఆయన వదిలిన ఊపిరి హెడ్‌ఫోన్స్‌లో నాకు వినిపించింది.